మార్ఫిన్ వాడే ఇంట్లో

క్యాన్సర్ నొప్పికి డాక్టరు మార్ఫిన్ రాయగానే చాలా ఇళ్లలో భయం మొదలవుతుంది. ‘ఇక ఆఖరి రోజులే కాబోలు’, ‘అలవాటు పడిపోతారేమో’ అనుకుంటూ చెప్పినదాంట్లో సగమే వేస్తారు. రాత్రంతా మూలుగుతున్న మనిషికి అది అన్యాయం. చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు వేస్తే మార్ఫిన్ మంచి మందు. చాలాసార్లు ప్రమాదం వచ్చేది మనం చేసే సొంత మార్పులతోనే.

మామూలు మార్ఫిన్ మాత్ర సుమారు 4 గంటలు పనిచేస్తుంది. నెమ్మదిగా కరిగే రకాన్ని సాధారణంగా 12 గంటలకోసారి ఇస్తారు. మింగలేనివారికి మాత్ర నూరి తేనెలో కలిపి పెట్టడం మనకు అలవాటు. ఈ రెండో రకంతో ఆ పని చేయకండి, పూటంతటికీ సరిపడే మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. ఒకసారి మందు తప్పిపోయిందని తర్వాతి వేళకు రెండు వేయడమూ అంతే ప్రమాదం. ఇదే జాతికి చెందిన, చర్మానికి అంటించే ఫెంటానిల్ ప్యాచ్ అయితే సాధారణంగా 3 రోజులు ఉంటుంది. పాతది తీశాకే కొత్తది అంటించాలి. దాని మీద వేడినీళ్ల సంచితో కాపడం పెట్టకూడదు, వేడికి మందు ఎక్కువగా లోపలికి వెళుతుంది. తీసేసిన ప్యాచ్‌లోనూ పసిపిల్లల ప్రాణం తీసేంత మందు మిగిలి ఉండవచ్చు.

ట్రమడాల్ కూడా ఈ జాతి మందే. 2018 నుంచి అది మత్తుమందుల చట్టం కిందికి వచ్చింది. పాత చీటీతో తెచ్చుకుని మోకాళ్ల నొప్పికి వేసుకోవద్దు. ఈ మందులు వాడేవారు మద్యం ముట్టకూడదు. డాక్టరుకు చెప్పకుండా నిద్రమాత్రలు కలపకూడదు. కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పాలి. మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది, దానికీ మందు అడగండి.

మొదటి రోజుల్లో కాస్త మగత సహజమే, పిలిస్తే పలకాలి. పలకకపోయినా, గురకలాంటి చప్పుడుతో శ్వాస మందగించినా, నిమిషానికి 10 కంటే తక్కువసార్లు ఊపిరి తీస్తున్నా, పెదవులు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తెలివి రావాలని కాఫీ, మజ్జిగ నోట్లో పోయకండి. ఆసుపత్రిలో విరుగుడుగా నలాక్సోన్ ఇంజెక్షన్ ఇస్తే మనిషి లేచి మాట్లాడవచ్చు, కానీ దాని ప్రభావం మార్ఫిన్ కంటే ముందే తగ్గిపోతుంది. లేచారు కదా అని ఇంటికి తెచ్చేయకండి, డాక్టరు చెప్పేదాకా అక్కడే ఉంచండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మాత్రల అట్ట వెంట తీసుకెళ్లండి.