తుంగ అంతయు ఒకటి కాదు

చాపకు పడుగు నూలు, పేక తుంగ. నూలు కొనునపుడు మనవారు నంబరు అడిగి, చిలప విప్పి, పోగు లాగి చూచిగాని డబ్బు చెల్లింపరు. తుంగకట్ట వద్దకు వచ్చుసరికి పొడవు, రంగు మాత్రమే చూచి బేరము ముగించుచున్నారు. ఒకే చాపలో రెండు జాతుల కాడలు కలిసినచో పేక ఒకే తీరుగ కూర్చుండదు. నష్టము నేసినవానిదే. అందుచే తుంగను గుర్తించు విధమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

చిక్కంతయు పేరులో ఉన్నది. వరిమడిలో పీకి గట్టున పారవేయు కలుపును తుంగ అందుము. చాప నేయు కాడను కూడ తుంగయే అందుము. తమిళనాట స్థిరపడిన మనవారికి రెండును కోరైయే.

మొదట గడ్డిని, జమ్మును వేరు చేయవలెను. కాడను రెండు వ్రేళ్ల నడుమ దొర్లించి చూడుడు. గడ్డికి కణుపులుండును, సాధారణముగ నడుమ బోలుగా నుండును. చాప తుంగకాడకు మొదలునుండి పూగుత్తి వరకు కణుపుండదు. లోపల బెండు నిండియుండును. జమ్ములో చాపకు వాడునది కాడ కాదు, పొడవైన ఆకు.

తరువాత కలుపు తుంగ. దీనినే తుంగముస్తె అందురు. శాస్త్రనామము సైపరస్ రొటండస్. ఇది పొట్టి మొక్క. మొదట గడ్డివంటి ఆకులుండును. త్రవ్వి చూచిన, గొలుసువలె ఒకదానికొకటి తగులుకొన్న వాసనగల గడ్డలు కనబడును. ఇది చాపకు రాదు.

ఇక నిలువెత్తు పెరుగు తుంగలు మూడు. అసలు పొరపాటు వీనియందే.

మొదటిది సైపరస్ పంగొరై. కాడకు మూడు అంచులు వ్రేలికి స్పష్టముగ తగులును. పూగుత్తి క్రింది ఆకులు గుత్తిని మించి పొడవుగా సాగును.

రెండవది సైపరస్ కోరింబోసస్. కాడ ఇంచుమించు గుండ్రము. పైభాగమున మాత్రము మొద్దుబారిన అంచులుండును. గుత్తి క్రింది ఆకులు సాధారణముగ పొట్టివి.

మూడవది సైపరస్ ఆర్టిక్యులేటస్. చూపునకు రెండవదానివలెనే యుండును. ఎండిన కాడపై గోరు ఆనించి నిలువున లాగుడు. లోపలి అడ్డుగోడలు గంట్లవలె వరుసగా తగులును. గుత్తి క్రింద ఆకులు పొలుసులంత చిన్నవి. దీనితో ముతక చాపలు నేయు దేశములు కలవు. మన సన్ననేతకు వాడునది ఇది కాదు.

మొదటి రెంటిని శాస్త్రజ్ఞులే కొందరు ఒక జాతిగ లెక్కించిరి. అందువలన పుస్తకములలో కోరైకి రెండు పేర్లును కనబడును. ఈ రెంటికిని 1773లో పేర్లు పెట్టినవాడు డెన్మార్కు పండితుడు రాట్బోల్. పంగొరై అనుపేరులో తమిళుల కోరై మన చెవికి వినబడుచునే యున్నది. యానామునకు దగ్గరనున్న సామర్లకోటలో పనిచేసి, 1793లో కలకత్తా తోటకు అధికారియైన రాక్స్‌బరో ఈ పంగొరైనే సైపరస్ టెగెటమ్ అనెను. లాటిను భాషలో చాపల తుంగ అని అర్థము. బెంగాలులో మేదినీపురమువారు మాదురు చాపలు నేయునది దీనితోనే.

తిరునెల్వేలి జిల్లా పట్టమడైలో లబ్బై ముస్లిం కుటుంబములవారు కోరైని చీల్చి, నీట నానవేసి, సన్ననూలు పడుగుపై గుడ్డవలె మడతపడు చాపలు నేయుదురు. అంతటి పనితనము గలవారికైనను కాడ మంచిదైననే చేయి సాగును.

అంగడికి వచ్చు కట్టలో పూగుత్తి ఉండదు. అమ్మువారు తలలు కోసి తెత్తురు. కాబట్టి అంచు, గోటి పరీక్ష అంగడిలోనే చేయుడు. గుత్తిని చూడవలెనన్న పూతకాలమున పొలమునకే పోవలెను; లేదా కట్టకు నాలుగు పూకాడలు వదలి తెమ్మని రైతును కోరవలెను.

తుంగ నాటదలచినవారు మరింత జాగ్రత్తపడవలెను. కరూరు, మోహనూరు, ముసిరి ప్రాంతములలో కావేరి పొడవున కోరై సాగు కలదు. దీనిని దుంపవేరుతో నాటుదురు. ఒకసారి నాటిన కొన్నియేండ్లు అదే మడిలో కోతకు వచ్చును. జాతి తప్పిన వేరు తెచ్చినచో అన్నియేండ్లును ఆ తప్పే పండును. పూత చూచిన మడినుండియే వేరు తెచ్చుకొనుడు.