మిస్సీ, మసి, మైనం

మానుకోటలో గాజుల దుకాణానికి పోయిన మా చెల్లెలి కూతురు నల్ల లిప్‌స్టిక్ ఒకటి కొనుక్కొచ్చింది. పూసుకుని అద్దం ముందు నిలబడితే, మంచం మీద కూర్చుని ఆకు నములుతున్న వాళ్ళ నానమ్మ చూసి, "ఏందే పోరీ, మూతికి మసి రాసుకున్నవా?" అంది. పిల్ల మూతి ముడుచుకుంది గానీ, ముసలామె మాటలో సగం రసాయనశాస్త్రం ఉంది. ఆ గొట్టంలో ఉన్నది మసి అయినా అయ్యుండాలి, లేదా ఇనుప తుప్పుకు దగ్గరి చుట్టమైనా అయ్యుండాలి.

నల్ల పెదవి అంటే సీమ నుంచి దిగిన వేషమని చాలామంది నమ్మకం. 1970ల చివర, 80ల మొదట్లో లండన్‌లో పంక్, గాథ్ సంగీతాల కుర్రకారు నల్ల బట్టలతో, నల్ల పెదవులతో తిరిగిన మాట నిజమే. అంతకు ముందు మూకీ సినిమాల్లోనూ పెదవులు నల్లగానే కనపడేవి. అది రంగు మహిమ కాదు, ఫిల్ము లోపం. ఆనాటి ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు ఆనదు, అందుకని ఎర్రగా పూసిందల్లా తెరమీద నల్లగా పడేది. కానీ ఈ రెంటికీ చాలా ముందే మన దక్కనులో ఆడవాళ్ళు నోరు నల్లగా దిద్దుకోవడం సింగారం. దాని పేరు మిస్సీ.

ఏలూరు ప్రాంతపువాడైన జాఫర్ షరీఫ్ దక్కనీ ముస్లింల పండుగలూ పెళ్ళిళ్ళూ ఆచారాలూ రాసిపెడితే, హెర్క్‌లాట్స్ అనే డాక్టరు ఇంగ్లీషు చేసి 1832లో లండన్‌లో అచ్చువేయించాడు. ఆ ‘కానూనె ఇస్లాం’లో మిస్సీ ప్రస్తావన ఉంది. అది పళ్ళకూ చిగుళ్ళకూ రాసుకునే నల్లపొడి. పెదవుల మీదికీ ఆ నలుపు పాకేది. దినుసులు చూస్తే వంటింటికీ ఆయుర్వేదం కొట్టుకూ మధ్య తిరుగుతున్నట్టుంటుంది: అన్నభేది, మైలుతుత్తం, మాచికాయ, కరక్కాయ. అన్నభేది అంటే ఐరన్ సల్ఫేటు. కరక్కాయ మనకు కొత్తదా? భూపాలపల్లి అడవుల్లో ఏరుకొచ్చే కాయే. ఎండిన కాయలో దాదాపు మూడో వంతు టానిన్ అనే వగరు పదార్థం.

ఇనుమూ టానినూ కలిస్తే జరిగేది ప్రతి ఇంట్లోనూ కనిపిస్తుంది. కత్తిపీట మీద పచ్చి అరటికాయ తరగండి, కత్తీ నల్లబడుతుంది, వేళ్ళూ నల్లబడతాయి. ఇనుప మూకుట్లో ఉసిరికాయ వేయించినా అంతే. కలిసిన మరుక్షణం పెద్దగా రంగుండదు. గాలిలోని ఆక్సిజన్ తగిలి ఇనుము రూపు మారేకొద్దీ నలుపు తేలుతుంది, తేలాక నీళ్ళకు లొంగదు. ఒకనాటి కరక్కాయ సిరా ఇదే, శ్రీకాళహస్తి కలంకారీ నల్లగీత ఇదే. అక్కడ గుడ్డను ముందు కరక్కాయ కషాయంలో ముంచి, ఇనుప ముక్కలు బెల్లం నీళ్ళలో పులియబెట్టిన ద్రవంతో గీత గీస్తారు. జపాను వాళ్ళు ఇదే రసాయనాన్ని పళ్ళకు పూసి ‘ఒహగురో’ అన్నారు. 1870లో అక్కడి ప్రభుత్వం పెద్దింటి వాళ్ళకు దాన్ని నిషేధించింది. మన మిస్సీని ఎవరూ నిషేధించలేదు, దానంతటదే అటకెక్కింది.

మిస్సీకి ఒక లోపం ఉంది. అది పొడి, జిడ్డు లేదు. పంటి మీద పట్టినట్టు పెదవి చర్మం మీద నిలవదు. ఈ కొరత తీర్చే కిటుకు మన ఇళ్ళలోనే వేరే చోట, కంటి దగ్గర, ఉంది.

కాటుక పట్టడం చూసినవాళ్ళకు వివరం అక్కర్లేదు. ఆముదపు దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లిస్తారు. గాలి చాలక మంట సగం ఊపిరితో మండుతుంది, కాలకుండా మిగిలిన కార్బన్ మసిగా పళ్ళేనికి అంటుకుంటుంది. దాన్ని గీకి ఆముదంతోనో నెయ్యితోనో నూరితే కాటుక. అంటే మెత్తని కార్బన్, చిక్కని నూనె. దీనికి మైనం చేర్చి గట్టిపరిస్తే నల్ల లిప్‌స్టిక్ అవుతుంది. అతిశయోక్తి కాదు. లిప్‌స్టిక్ కంపెనీలు ఏళ్ళ తరబడి వాడిన ప్రధానమైన నూనె ఆముదమే. దాని చిక్కదనం వల్ల రంగు రేణువులు అడుగుకు దిగవు, పెదవి మీద మెరుపు నిలుస్తుంది. తెలంగాణ మెట్ట చేలల్లో పండిన గింజకు పారిస్ పెదవులతో ఇంత బంధుత్వం ఉందని మన రైతుకు ఎవరూ చెప్పినట్టు లేదు!

మైనం పని కష్టమైంది. జేబులో కరగకూడదు, పెదవికి తగలగానే మెత్తబడాలి. తేనెమైనం 62 డిగ్రీల దగ్గర కరుగుతుంది. బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నాబా మైనం 80 దాటితే గానీ కరగదు. ఈ రెంటినీ పాళ్ళు చూసి కలుపుతారు. రంగును నూనెలో వేసి రోలర్ల మధ్య మళ్ళీ మళ్ళీ నూరి, కరిగిన మైనంలో కలిపి, లోహపు అచ్చుల్లో పోస్తారు. చల్లారాక కడ్డీని ఒక్క క్షణం మంట అంచున పోనిస్తే పైపొర కరిగి నున్నబడుతుంది. ఇంత చేసినా, భూపాలపల్లి మే నెలలో స్కూటీ డిక్కీలో పడేస్తే కడ్డీ మీద చెమట చుక్కలు పడతాయి. అవి మైనం పట్టు వదిలి బయటికొచ్చిన నూనె చుక్కలు.

ఇక గొట్టం సంగతి. 19వ శతాబ్దంలో పెదవి రంగు డబ్బీల్లోనో, కాగితం చుట్టిన కడ్డీగానో దొరికేది. సంచిలో వేసుకు తిరిగే వీల్లేదు. 1915లో మారిస్ లెవీ అనే అమెరికన్ పేరుమీద, స్కోవిల్ అనే ఇత్తడి కంపెనీ చేతుల మీదుగా, చిన్న పిడితో పైకి నెట్టే లోహపు గొట్టం వచ్చింది. 1923లో నాష్‌విల్‌కు చెందిన జేమ్స్ బ్రూస్ మేసన్ జూనియర్ తిప్పితే లేచే గొట్టానికి పేటెంటు తీసుకున్నాడు. లోపల చూస్తే లారీ జాకీ సూత్రమే. కడ్డీ కూర్చున్న చిన్న గిన్నెకు పక్కన మొటిమ లాంటి మేకు ఉంటుంది. ఆ మేకు ఒక గొట్టంలోని నిలువు గాడిలోనూ, ఇంకో గొట్టంలోని మెలి గాడిలోనూ ఒకేసారి ఇరుక్కుని ఉంటుంది. అడుగు తిప్పితే మెలి గాడి దాన్ని తోస్తుంది, నిలువు గాడి పక్కకు పోనివ్వదు, మేకుకు పైకి పోవడం తప్ప దారి లేదు.

ఇత్తడి రేకును పల్చగా సాగదీసి డబ్బాలు చేయడంలో జనగామ పక్కనున్న పెంబర్తికి పేరుంది. నిజాం కాలంలో అక్కడి విశ్వకర్మలు అత్తరుదానులు, పాన్‌దానులు చేసేవారు. 2010లో ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. పెదవిని ఎర్రబరిచే తాంబూలానికి పెట్టె చేసిన చేతులు అవి. గొట్టానికి గాడి కోసే ఆలోచన మాత్రం అక్కడ ఎవరికీ అవసరపడలేదు. తాంబూలానికి మూత చాలు మరి.

మళ్ళీ రంగు దగ్గరికొస్తే, నలుపుకు రెండు దారులున్నాయి. ఒకటి ఇనుము. బ్లాక్ ఐరన్ ఆక్సైడు అనే రంగు, రసాయనం ప్రకారం మాగ్నెటైటే, అయస్కాంతానికి అతుక్కునే నల్లరాయి. మహబూబాబాద్ జిల్లాలో బయ్యారం గుట్టల నిండా ఇనుప ఖనిజం ఉంది. లిప్‌స్టిక్‌కు ఆ రాయి పనికిరాదు. గని ఖనిజంలో సీసం, ఆర్సెనిక్ ఎంతుంటాయో చెప్పలేం కనుక సౌందర్య సాధనాల ఐరన్ ఆక్సైడును కర్మాగారంలో శుద్ధంగా తయారుచేస్తారు. రెండోది కార్బన్. భూపాలపల్లి సింగరేణి బొగ్గు నూరితే అదీ రాదు. కార్బన్ బ్లాక్ పుట్టేది కాటుక పద్ధతిలోనే, చాలీచాలని గాలిలో నూనె మండిస్తేనే. ఆ మసితో ఒక భయం ఉంది. సగం మండిన నూనెలో క్యాన్సర్ కారకాలు మిగలవచ్చు. అందుకే అమెరికా 1976లో కార్బన్ బ్లాక్‌ను రంగుల జాబితాలోంచి తీసేసి, అతి శుద్ధమైన రకాన్ని మాత్రం 2004లో లిప్‌స్టిక్‌తో సహా కొన్నిటికి అనుమతించింది. ఆ రకంలో ఒక్క గ్రాము రేణువుల ఉపరితలం పరిస్తే 200 చదరపు మీటర్ల పైమాట, అంటే రెండు గుంటల జాగా. అంత తలం వెలుగును మింగుతుంది కాబట్టే చిటికెడు వేస్తే చాలు, చిమ్మచీకటి.

పూసుకునేవాళ్ళకు ఒక మాట. ఎరుపు పెదవి రంగులో కలిసిపోయి వంకర్లు దాస్తుంది. నలుపు ఏదీ దాచదు, ఎండిన పగులు, అంచు తడబాటు అన్నీ బయటపెడుతుంది. ముందు కాస్త మైనం జిడ్డు, తర్వాత పెన్సిలుతో అంచు, ఆపైన రంగు, చివర కాగితం అద్దకం. మా పిల్ల ఇవేమీ చేయలేదు, అందుకే మసి అనిపించుకుంది.

పెదవికి పూసింది కొంత కడుపులోకీ పోతుంది. మన దేశంలో రంగుల్లో సీసం 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు), ఆర్సెనిక్ 2 పీపీఎం దాటకూడదు. కొనేముందు పెట్టె వెనక చిన్న అక్షరాలు చదవండి. సీఐ 77499 అని ఉంటే అది ఇనుము, సీఐ 77266 అని ఉంటే మసి. ఏ రంగు నంబరూ, తయారీదారు చిరునామా లేకపోతే ఆ గొట్టాన్ని దుకాణంలోనే వదిలేసి రండి.