క్యాంపర్ ట్రైలర్‌కు ఏ రేకు వేయాలి?

వేసవిలో పిల్లలతో పైనరీ పార్కుకు వెళ్ళడానికి ఇంట్లోనే ట్రైలర్ కట్టుకుందామనుకునే మనవాళ్ళకు వచ్చే పెద్ద సందేహం ఇదే.

చవకలో జింకు పూత వేసిన ఇనుప రేకే నయం. కాని బరువు లాగవలసింది మన కారు! 1 మిల్లీమీటరు మందం రేకు చదరపు మీటరుకు ఇనుమైతే దాదాపు 8 కిలోలు, అల్యూమినియమైతే 3 కిలోల లోపే. 20 చదరపు మీటర్లకు 100 కిలోల తేడా.

పైగా సార్నియాలో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు. పూత గీసుకుపోయిన చోట ఇనుము తుప్పు పడుతుంది. అల్యూమినియం గాలి తగలగానే తన మీద తానే సన్నని పొర కట్టుకుంటుంది, గాయం మీద పక్కు కట్టినట్టు.

దానికీ పథ్యం ఉంది. ఇనుప చట్రానికి నేరుగా ఆనిస్తే, ఉప్పునీరు చేరి అల్యూమినియాన్ని తినేస్తుంది. మధ్యలో రబ్బరు పట్టీ వేయండి. అల్యూమినియం రివెట్లే వాడండి. 3 మీటర్ల రేకు మైనస్ 20 డిగ్రీల నుంచి 30 డిగ్రీలకు వచ్చేసరికి 3 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. కనుక అతుకుల్లో సాగే సీలెంటు తప్పనిసరి. అక్కడ నీరు దిగితే లోపలి కర్ర మనకు తెలియకుండానే కుళ్ళిపోతుంది.

ఖర్చు కాస్త ఎక్కువైనా నా ఓటు అల్యూమినియానికే. రేకు కొనే ముందు మాత్రం మీ కారు ఎంత బరువు లాగగలదో దాని పుస్తకంలో చూసుకోండి.