మూరెడు దూరంలో కూర్చునే కుక్క: మీకు తెలుసా?

బెల్లం మా ఇంటికొచ్చి ఏడాది కావస్తోంది. షిబా ఇను జాతి ఆడకుక్క. ముద్దబెల్లం రంగు ఒళ్లు, నిక్కపొడుచుకున్న చెవులు, వీపు మీద చుట్ట చుట్టుకున్న తోక. నెల్లూరు దగ్గరి మైపాడు సముద్రపు ఒడ్డుకు మొదటిసారి తీసుకెళ్లిన రోజు, వల దగ్గర చేపలు ఏరుతున్న పెద్దమ్మ చేతిలో పని ఆపి, "ఏంది పాపా, నక్కపిల్లను కట్టేసుకోని తిప్పతుండావా?" అనింది. "నక్క కాదు పెద్దమ్మా, జపాన్ కుక్క" అంటే నమ్మలేదు. ఆమెలాగే అడిగిన వాళ్లందరికీ చెప్పడం కోసం నేను చదివినవీ, పశువైద్యుల్ని అడిగినవీ, బెల్లం స్వయంగా నేర్పినవీ ఇక్కడ రాస్తున్నాను.

జపాన్‌లో ఈ కుక్క ఒక జాతీయ సంపద అని మీకు తెలుసా?

మనకు తిరుమల కొండ మీద శిలాతోరణం ఉంది కదా, దాన్ని ప్రకృతి ఇచ్చిన స్మారకంగా ప్రభుత్వం కాపాడుతోంది. జపాన్‌లో 1919లో అలాంటి సంపదల కోసం ఒక చట్టం చేశారు. చెట్లు, గుహలు, పక్షులతో పాటు ఆ జాబితాలోకి కుక్కలు కూడా ఎక్కాయి. 1931లో అకితా, 1936 డిసెంబరులో షిబా. కాయ్, కిషూ, షికోకు, హొక్కైడో జాతులు కూడా 1937 ముగిసేలోగా చేరాయి. ఈ ఆరింటిలోనూ చిన్నది మా బెల్లం జాతే. మగది 40 సెంటీమీటర్లకు అటూ ఇటూ, ఆడది ఇంకా మూడు సెంటీమీటర్లు తక్కువ. బరువు ఎనిమిది నుంచి పది కిలోలు.

కుక్కకు చట్టం ఎందుకంటే, పడమటి దేశాల కుక్కలు ఓడలెక్కి వచ్చాక ఊరి కుక్కలు వాటితో కలిసిపోయి, అసలు జాతి కొండల్లో వేటగాళ్ల దగ్గర మాత్రమే మిగిలింది. సైతో హిరోకిచి అనే ఆయన 1928లో స్వదేశీ కుక్కల పరిరక్షణ కోసం 'నిప్పో' అనే సంఘం పెట్టారు. అంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. మనుషులకే తిండి లేని రోజులు. ఆ వెనకే డిస్టెంపర్ జబ్బు. బతికి బయటపడ్డవి మూడు ప్రాంతాల కుక్కలు: షిన్‌షూ కొండలవి, మినో ప్రాంతానివి, సానిన్ తీరానివి. ఈ రోజు ప్రపంచంలో ఉన్న షిబాలన్నీ ఆ మిగిలిన వాటి సంతానమే. డిస్టెంపర్ టీకా వేయించడానికి బెల్లాన్ని తీసుకెళ్లిన రోజు నాకు ఆ సంగతే గుర్తొచ్చింది. దాని జాతిని దాదాపు తుడిచిపెట్టిన జబ్బుకు ఇప్పుడు ఒక చిన్న సూది అడ్డం నిలుస్తోంది.

'ఇను' అంటే జపనీస్‌లో కుక్క. 'షిబా' అంటే చితుకులు, పొదలు అని ఒక అర్థం. చిన్నది అనే పాత అర్థం ఉందని ఇంకొందరు అంటారు. ఎండిన పొదల రంగు ఒంటి మీద ఉంది, జాతీ చిన్నదే కాబట్టి రెండూ బెల్లానికి సరిపోతాయి. గడ్డం కింద, ఛాతీ, పొట్ట, తోక లోపలి వైపు తెల్లగా ఉంటుంది. ఆ తెలుపును 'ఉరాజిరో' అంటారు. అది లేకపోతే జాతి లక్షణం తప్పినట్టే లెక్క.

దీని స్వభావాన్ని మూడు మాటల్లో రాసిపెట్టారని మీకు తెలుసా?

నిప్పో సంఘం 1934లో జాతి ప్రమాణాలు రాసినప్పుడు ఎత్తు, చెవులు, తోకతో ఆగలేదు. 'కన్‌ఇ', 'ర్యోసెయ్', 'సొబొకు' అని గుణానికీ మూడు మాటలు పెట్టింది. మొదటిది ధైర్యం, అయితే తొందరపాటు లేని ధైర్యం. రెండోది మంచితనం, నమ్మిన వాళ్లను విడవనిది. మూడోది ఆడంబరం లేని నిండుదనం. మన పల్లెల్లో ఒక మనిషిని మెచ్చుకోవాలంటే వాడే మాటల్లాగే లేవూ?

బెల్లం వచ్చిన కొత్తల్లో ఈ మాటలు నాకు తెలియవు. అంతకుముందు మా ఇంట్లో ఉన్నది లాబ్రడార్. గేటు చప్పుడైతే చాలు, ఒళ్లంతా తోకై ఊగేది. బెల్లం అట్లా కాదు. నేను ఇంటికొస్తే లేచి వస్తుంది, ఒకసారి వాసన చూస్తుంది, పోయి మూరెడు దూరంలో కూర్చుంటుంది. ఎత్తుకుంటే ఒళ్లు బిగిస్తుంది. పిలిస్తే తల తిప్పి చూస్తుంది, వినబడిందని తెలుస్తుంది, రావాలా వద్దా అని ఆలోచిస్తుంది. మూడు నెలలపాటు దీనికి నామీద ప్రేమ లేదని బాధపడ్డాను. ఒక రోజు నాకు జ్వరం వచ్చి పడుకుంటే, ఉదయం నుంచి రాత్రి దాకా మంచానికి మూరెడు దూరంలో నేల మీద అట్లాగే ఉంది. అన్నం గిన్నె వంటింట్లో పెడితే పోయి తిని మళ్లీ అక్కడికే వచ్చింది. దాని ప్రేమ కొలత అంతేనని ఆ రోజు అర్థమైంది. ఆ మూరెడు స్థలం దానిది. దాన్ని మనం ఆక్రమించకూడదు.

నడకకు తీసుకెళ్తే నడిరోడ్డులో కూలబడి మొరాయించడం దీనికి అలవాటు. కాడి కింద పడుకున్న ఎద్దు ఎట్లా కదలదో అట్లా. జపాన్‌లో ఇది ఎంత మామూలంటే దానికి 'క్యోహి షిబా' అని పేరే ఉంది, అంటే 'ఒప్పుకోని షిబా'. మెడపట్టీ లాగితే బుగ్గలన్నీ ముందుకొచ్చి ముఖం గుండ్రంగా అయిపోతుంది గానీ కాళ్లు మాత్రం కదలవు. లాగకూడదని నేర్చుకున్నాను. నేనూ పక్కన నిలబడతాను, వేరే దారి చూపిస్తాను. రెండు నిమిషాల్లో తనే లేస్తుంది.

ఇక కేక సంగతి. గోళ్లు కత్తిరించినా, స్నానానికి పట్టుకున్నా షిబా పెట్టే అరుపు మనిషి అరుపులా ఉంటుంది. మొదటిసారి విని మా పక్కింటి వాళ్లు పరుగెత్తుకొచ్చారు. దెబ్బ తగిలి కాదు, ఇష్టం లేక. దీనికి మందు ఓపికే. కూనగా ఉన్నప్పుడు, మూడో వారం నుంచి పద్నాలుగో వారం లోపల, పాదాలు ముట్టుకోవడం, చెవులు చూడటం, కొత్త మనుషులు, కొత్త చప్పుళ్లు అన్నీ మెల్లగా అలవాటు చెయ్యాలి. ఆ వయసు దాటితే పని బాగా కష్టమవుతుంది. సూళ్లూరుపేట, తడ వైపు కుక్కల్ని పెంచేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడు కిటికీలు అదురుతాయి కదా.

శుభ్రంలో మాత్రం పిల్లితో పోటీ పడుతుంది. పాదాలు నాక్కుని తుడుచుకుంటుంది. ఇల్లు పాడు చెయ్యకూడదని నాలుగు రోజుల్లో నేర్చుకుంది.

చేపల పులుసు దీనికి విషమని మీకు తెలుసా?

నెల్లూరు వాళ్లం కాబట్టి ఇది కొంచెం వివరంగా చెప్పాలి. చేప వల్ల కాదు, ఉల్లిపాయ వల్ల. ఉల్లి, వెల్లుల్లి ఏ కుక్కకైనా చెడుపే. పచ్చిదైనా, ఉడికిందైనా, పొడి అయినా ఒకటే. అవి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. కిలో బరువుకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లి చాలు, కుక్క రక్తం దెబ్బతినడానికి. అంటే ఎనిమిది కిలోల బెల్లానికి ఒక పెద్ద ఉల్లిపాయ.

అయితే షిబా, అకితా లాంటి జపాన్ కుక్కల్లో కొన్నింటి రక్తకణాలే వేరుగా ఉంటాయి. మామూలు కుక్కల ఎర్రకణాల్లో పొటాషియం తక్కువ. వీటిలో పుట్టుకతోనే ఎక్కువ. అలాంటి కణాలు ఉల్లి విషానికి ఇంకా తొందరగా లొంగిపోతాయని జపాన్ పశువైద్యులు గుర్తించారు. కుక్క తిన్న వెంటనే ఏమీ తెలియదు. రెండు మూడు రోజులకు చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం ముదురు రంగులోకి మారుతుంది, కుక్క నీరసించిపోతుంది. కాబట్టి పులుసులో ముక్క కడిగి పెట్టినా సరే, వద్దు. ఉప్పు, కారం, ఉల్లి లేకుండా ఉడికించి, ముల్లు తీసిన చేప పెట్టండి.

ఈ పొటాషియంతో ఇంకో చిక్కు ఉంది. తీసిన రక్తం పరీక్షకు ఆలస్యమైతే కణాల్లోని పొటాషియం బయటకు కారి, ఫలితంలో అంకె చాలా ఎక్కువగా కనబడుతుంది. బెల్లానికి ఒకసారి అట్లాగే వచ్చింది. గుండె ఆగిపోతుందేమో అన్నంత భయపెట్టారు. రెండో వైద్యుడు జాతి పేరు అడిగి, రక్తం మళ్లీ తీసి వెంటనే పరీక్ష చేయించారు. ఏమీ లేదు. జపాన్ జాతి కుక్క ఉన్నవాళ్లు ఈ ఒక్క విషయం కాగితం మీద రాసి పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లండి.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో ఈ కుక్క ఎట్లా బతుకుతుంది?

ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువగా నిద్రపోనివ్వని ప్రశ్న. షిబాది రెండు పొరల బొచ్చు. పైన బిరుసు వెంట్రుక, కింద దూదిలాంటి మెత్తటి పొర. మంచు కురిసే కొండలకు అది సరిపోతుంది. మే నెలలో నెల్లూరు 40 డిగ్రీలు దాటుతుంది, పైగా తీరంలో ఉక్క. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడమే దాని చల్లదనం. గాలిలో తేమ ఎక్కువైతే ఆ రొప్పు కూడా పనిచెయ్యదు.

బొచ్చు గొరిగిస్తే చల్లగా ఉంటుందనుకుంటారు. చెయ్యకండి. పైపొర ఎండను అడ్డుకుంటుంది, గొరిగితే మళ్లీ సరిగా మొలవకపోవచ్చు కూడా. లోపలి పొరను దువ్వెనతో తియ్యాలి. ఏడాదికి రెండుసార్లు బొచ్చు రాలే కాలంలో మా ఇంట్లో రోజూ ఒక చిన్న దిండుకు సరిపడా దూది వస్తుంది. నడక తెల్లవారుజామునే. పొద్దెక్కాక ఇసుక మీద అరచెయ్యి ఏడు సెకన్లు పెట్టి చూడండి. మీకు కాలితే దానికీ కాలుతుంది. కుక్క ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39 డిగ్రీలు. 41 దాటితే ప్రాణం మీదికి వచ్చినట్టే. తూలుతుంటే, నాలుక ముదురు ఎరుపెక్కితే ముందు మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి, ఫ్యాను కింద పెట్టి, ఆ తర్వాతే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఉక్కకు చర్మం దురదలు కూడా వస్తాయి. చర్మ ఎలర్జీ ఈ జాతికి మామూలుగానే ఎక్కువ.

వేసవి మధ్యాహ్నాలు చల్లటి గది ఇవ్వలేని వాళ్లు ఈ కుక్కను తెచ్చుకోకూడదని నా అభిప్రాయం. ముచ్చటపడి అడిగే వాళ్లకు ముఖం మీదే చెబుతున్నాను.

ఒడ్డున ఇంకో అపాయం ఉంది. వలలో పడితే మనవాళ్లు ఏరి ఇసుకలో పారేసే చేపల్లో బుడగలా ఒళ్లు ఉబ్బించేది ఒకటుంటుంది. జపాన్ వాళ్లు 'ఫుగు' అని పిలిచి, లైసెన్సు ఉన్న వంటవాళ్ల చేత మాత్రమే వండించుకుని తినేది ఆ కుటుంబపు చేపనే. దానిలోని టెట్రోడోటాక్సిన్ అనే విషం వండినా పోదు, విరుగుడు మందు లేదు. బెల్లం నోట్లో పెట్టబోతుంటే ఒకసారి లాక్కున్నాను. తెగిన గాలాలు, వల ముక్కలు కూడా చూసుకోవాలి.

తాబేళ్ల కాలంలో తాడు విప్పనే విప్పను. చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి వచ్చి, ఒక్కో గూట్లో వందకు పైగా గుడ్లు పెట్టి ఇసుక కప్పి పోతాయి. పిల్లలు రావడానికి 45 నుంచి 60 రోజులు. వేట కోసం పుట్టిన ముక్కు ఇసుక కింద గూడును ఇట్టే పసిగడుతుంది.

బెల్లాన్ని చూసి కొందరు, మరి అకితా కొనవచ్చా అని కూడా అడుగుతుంటారు. 2024 మార్చిలో కేంద్రం 23 రకాల కుక్కల పెంపకం, అమ్మకం ఆపమని రాష్ట్రాలకు రాసిన జాబితాలో అకితా, తోసా ఉన్నాయి, షిబా లేదు. ఆ ఉత్తర్వును ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు కొట్టివేసింది.

టోక్యో షిబుయా స్టేషన్లో చనిపోయిన యజమాని కోసం దాదాపు పదేళ్లు ఎదురుచూసిన హచికో కూడా అకితానే, షిబా కాదు. 1935 మార్చి 8న అది చనిపోయాక కడుపులో మాంసం కాల్చే పుల్లలు దొరికాయి. చావుకు కారణం అవి కాదు. 2011లో పరీక్షిస్తే గుండె, ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ బయటపడింది. అయినా మైపాడు అంగళ్ల ముందు పుల్లలకు గుచ్చిన కోడిముక్కలు తిని పారేసే వాళ్లను చూస్తే నాకు హచికోనే గుర్తొస్తుంది. ఫోన్లలో తిరిగే 'డోజ్' బొమ్మలోని కుక్క మాత్రం షిబానే. దాని పేరు కబోసు. 2010లో తీసిన ఫోటో అది; 2024 మే నెలలో పద్దెనిమిదేళ్ల వయసులో పోయింది.

మన ఇళ్లలో 'పామేరియన్' అని పిలుచుకున్న తెల్లకుక్కల్లో ఎక్కువ శాతం ఇండియన్ స్పిట్జ్‌లని మీకు తెలుసా? చూడటానికి జపనీస్ స్పిట్జ్ అచ్చం అట్లాగే ఉంటుంది. ఇంతకీ జాతుల పేర్లు దూరాలు పోవడం మనకు కొత్త కాదు. మన ఒంగోలు పశువులు బ్రెజిల్‌కు పోయి అక్కడ కోట్లలో పెరిగాయి. ఆ దేశంలో వాటి పేరు 'నెలోర్'. ఒంగోలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో భాగం కావడమే కారణం. నెల్లూరు పేరు మోసే ఆవు బ్రెజిల్‌లో, జపాన్ పేరు మోసే కుక్క నెల్లూరులో.

2004లో 'సైన్స్' పత్రికలో 85 జాతుల కుక్కల జన్యువులు పోల్చిన అధ్యయనం వచ్చింది. తోడేలుకు బాగా దగ్గరగా తేలిన కొద్ది జాతుల్లో షిబా, అకితా ఉన్నాయి. అది చదివాక మైపాడు ఒడ్డున తిరిగే కర్రోడిని కొత్తగా చూశాను. ఎవరూ పెంచని నల్లకుక్క అది. చెవులు నిక్కినవే, తోక వంపు తిరిగిందే. ఎవరు పిలిచినా పరుగెత్తుకు రాదు, పిలిచినవాళ్లను మరిచిపోదు కూడా. వేరే కుక్క దగ్గరికొస్తే గుర్రుమనే బెల్లం దీన్ని మాత్రం ఏమీ అనదు.

తెల్లవారి పడవలు తిరిగొచ్చే వేళకు కర్రోడు అలల వైపు ముఖం పెట్టి కూర్చుంటాడు. బెల్లం పోయి ఒకసారి వాసన చూస్తుంది. తర్వాత తనూ సముద్రం వైపు తిరిగి, వాడికి మూరెడు దూరంలో కూర్చుంటుంది.