గుంటుపల్లి కొండ మీద కర్మ విచారం

తెలుగువాని నోట కర్మ అన్న మాట తరచుగా నిట్టూర్పుతోనే వస్తుంది. వరి చేను మునిగినా, పరీక్ష తప్పినా, అల్లుడు చెడ్డవాడైనా "మా ఖర్మ" అని సరిపెట్టుకుంటాం. మా ఇండ్లలో అదే సందర్భానికి "నసీబ్" అంటారు. ఈ మాటను బుద్ధుడు ఏ అర్థంలో వాడినాడో విచారించవలెనన్న బుద్ధి మాకు గ్రంథాల వలన పుట్టలేదు. ఒక విద్యార్థి వలన పుట్టింది.

రెండేండ్ల క్రిందట మా తరగతిలో చురుకైన పిల్లవాడొకడు నడుమ చదువు మానుకున్నాడు. తండ్రి రొయ్యల చెరువుల మీద కూలిపని చేసేవాడు, జబ్బుపడినాడు. చెప్పి వెళ్ళడానికి వచ్చిన ఆ అబ్బాయి "మా కర్మండీ మాస్టారూ" అన్నాడు. మేము కూడా "ఏం చేస్తాం నాయనా, నసీబ్" అని పంపివేశాము. అప్పటికి అది ఓదార్పుగానే తోచింది.

కొన్ని నెలలకు విద్యార్థులను వెంటబెట్టుకొని గుంటుపల్లి వెళ్ళాము. కామవరపుకోట దగ్గర జీలకర్రగూడెం ఊరి ప్రక్కన ఉన్న కొండ అది. ఇప్పుడు ఏలూరు జిల్లాలోనిది. క్రీస్తు పూర్వం రెండవ శతాబ్ది నాటికే అక్కడ భిక్షువులు రాతిని తొలిచి విహారాలు ఏర్పరచుకున్నారు. గుండ్రని చైత్యగృహంలో నడుమ స్తూపం, పైన కొయ్య వాసాలను పోలునట్లు చెక్కిన కప్పు కనిపిస్తాయి. కొండ మీద భక్తులు కట్టించిన చిన్న స్తూపాలు వరుసలుగా ఉన్నాయి. అవి చూచి మా విద్యార్థి ఒకడు, "మాస్టారూ, ఆత్మే లేదన్న బౌద్ధులు పుణ్యం ఎవరి కోసం సంపాదించారు?" అని అడిగినాడు. అప్పటికప్పుడు సరియైన సమాధానం చెప్పలేకపోయినాము. ఇంటికి వచ్చి, ఎం.ఏ. రోజులలో పైపైన తిరగవేసిన పుస్తకాలను మరల తెరిచాము.

ఆ ప్రశ్ననే గ్రీకు రాజు మిలిందుడు నాగసేనుని అడిగినట్లు మిలిందపన్హ అనే పాళీ గ్రంథంలో ఉన్నది. నాగసేనుడు మామిడిపండ్ల దొంగను ఉదాహరణగా తీసుకున్నాడు. ఆ దొంగ, "తోటవాడు నాటినది టెంక, నేను కోసినది పండు. అది వేరు, ఇది వేరు" అని వాదిస్తే రాజు విడిచిపెడతాడా? టెంక లేనిదే పండు లేదు. అట్లే ఒక జన్మ నుండి మరొక జన్మకు పోయే ఆత్మ లేకపోయినా, కారణానికి కార్యానికి గల తెగని వరుస ఉన్నది. నూజివీడు పండ్లు తిని పెరిగిన మా విద్యార్థులకు ఈ దృష్టాంతం వెంటనే పట్టుబడింది.

అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి. బుద్ధుడు కర్మ అన్నది సంకల్పాన్ని. మనసులో ఎంచుకొని, ఆపై శరీరంతో గాని, వాక్కుతో గాని, తలంపుతో గాని చేసేదే కర్మ. కర్మ వేరు, దాని ఫలం వేరు. ఫలాన్ని పాళీలో విపాకమన్నారు. మనం "మా కర్మ" అనేది నిజానికి విపాకాన్ని గురించి. చేసే పని పేరును తీసికొనిపోయి జరిగినదానికి పెట్టినాము. ఈ ఒక్క తారుమారుతో ఎంత సోమరితనానికి చోటు దొరికిందో!

ఆ ఫలమైనా అందరికీ ఒకే కొలతతో రాదట. అంగుత్తర నికాయంలో ఉప్పుగడ్డ ఉపమానం ఉన్నది. ఉప్పుగడ్డను చిన్న గిన్నెడు నీళ్ళలో వేస్తే త్రాగలేము, గంగలో వేస్తే తెలియనే తెలియదు. మన పిల్లలకు గంగ బదులు నరసాపురం దగ్గరి వశిష్ఠ గోదావరి అని చెబితే చాలు. చేసిన తప్పు ఒకటే అయినా, శీలంతో విశాలమైన మనసుకు ఒక రీతిగాను, కురచ మనసుకు మరొక రీతిగాను పరిణమిస్తుందని భావం. అంటే తప్పు చేసినవాడు తరువాత ఎట్లా బ్రతికినాడన్నది కూడ లెక్కలోనిదే.

ఇక మమ్మల్ని నిలదీసినది సంయుత్త నికాయంలోని ఘట్టం. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వలననే గదా అని సీవకుడనే పరివ్రాజకుడు అడిగితే బుద్ధుడు ఒప్పుకోలేదు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడింటి కలయిక, ఋతువుల మార్పు, శరీరాన్ని సరిగా చూచుకొనకపోవడం, ఇతరుల దౌర్జన్యం అని ఏడు కారణాలు చెప్పి, కర్మఫలాన్ని ఎనిమిదవదిగా మాత్రమే ఉంచినాడు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచివేసినప్పుడు వేలమంది చనిపోయినారు. వారందరిదీ పూర్వజన్మ పాపమేనని తీర్మానించేవారికి బౌద్ధ గ్రంథాలలో ఆధారం దొరకదు. ఆ అబ్బాయి తండ్రి జబ్బు కూడ ఈ ఎనిమిదింటిలో ఏదో ఒకటి. అది ఎనిమిదవదేనని తేల్చడానికి మేమెవరము?

అయితే సామాన్య భక్తులు సూత్రాలన్నీ చదివి దానాలు చేయలేదు. అమరావతి స్తూపానికి పూర్ణఘటం చెక్కిన రాతిపలకను సమర్పించినవాడు విధికుడు. అతడు చర్మకారుడు, ఉపాధ్యాయుడైన నాగుని కుమారుడు. తల్లి, భార్య, సోదరులు, బిడ్డలు, బంధుమిత్రులు అందరినీ కలుపుకొని ఆ దానం చేసినట్లు శాసనం చెబుతున్నది. నాగార్జునకొండలో మూడవ శతాబ్దిలో మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించిన చాంతిసిరి ఇక్ష్వాకు రాజు చాంతమూలుని సోదరి. ఆమెకు ధనానికి కొదువ లేదు. మాకు మాత్రం విధికుని పలకే గొప్పగా తోస్తుంది. తోలుపని చేసేవాని పేరు రాజకుటుంబం వారి పేర్లవలెనే రాతికెక్కింది. చేసిన కర్మ తనదే అయినా పుణ్యంలో ఇంటిల్లిపాదినీ చేర్చుకున్నాడు. శాస్త్రం దీనికి ఎంతవరకు సమ్మతిస్తుందో పండితులు వాదించుకుందురు గాక! (కళాశాల గోడ మీద చందాదారుల పేర్ల పలక వేయించే కమిటీ పెద్దలకు ఇది క్రొత్త సంగతి కాదు.)

సంకల్పమే కర్మ అన్న మాట చదివినప్పుడు మాకు వెంటనే స్ఫురించినది నియ్యత్. ఇమాం బుఖారీ తన హదీసు సంకలనాన్ని నియ్యత్‌ను గురించిన హదీసుతోనే ఆరంభించినాడు. ఇంతమాత్రం చేత రెండూ ఒకటేననడం తొందరపాటు. మా విశ్వాసంలో లెక్క అడిగే ప్రభువు ఉన్నాడు, ఖియామత్ దినమున్నది, క్షమాపణ వేడుకోలు ఉన్నది. బౌద్ధంలో తీర్పరి లేడు. విత్తు మొలిచినట్లు కర్మ ఫలిస్తుంది, అంతే. ఈ భేదం చిన్నది కాదు, కప్పిపుచ్చవలసినదీ కాదు. కాని జరిగినదానికి పేరు పెట్టి చేతులు దులుపుకోవడాన్ని రెండు మార్గాలూ ఒప్పుకోవు.

ఆనాడు "నసీబ్" అన్నప్పుడు మా నియ్యత్ ఏమిటి? నిజం చెప్పవలెనంటే, ఆ సంభాషణ త్వరగా ముగియవలెననే. ఫీజు రాయితీ సంగతి కమిటీ వారిని అడిగి ఉండవచ్చును, ప్రైవేటుగా పరీక్షకు కట్టించి ఉండవచ్చును. అడగలేదు, కట్టించలేదు. బౌద్ధుల లెక్కలో ఆ అబ్బాయి చదువు ఆగడం అతని కర్మ కాదు. అతనికి మేమిచ్చిన సమాధానం మాత్రం మా కర్మయే.

అతని చిరునామా కార్యాలయపు రిజిస్టరులో ఉన్నది. ఈ వ్యాసం ప్రెస్సుకు పోయేలోగా వాళ్ళ ఊరు వెళ్ళి రావలెనని మొన్న బయలుదేరినాము. ఇల్లు తాళం వేసి ఉన్నది. చెరువుల పనికి పోయినారని, ఆదివారం ఉంటారని ప్రక్కింటివారు చెప్పినారు.