వీడియో గేమ్‌కు మార్కులు వేసేదెవరు?

మన వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏటా క్రమశిక్షణ, చెట్ల పెంపకం, వరకట్నం మీద మంచి వ్యాసాలు వస్తుంటాయి. ఈసారి నేను కొంచెం వేరే విషయం ఎత్తుకున్నాను. సినిమా విడుదలైన రోజే దానికి ఎన్ని స్టార్లు వచ్చాయో చూసే అలవాటు మనందరికీ ఉంది. వీడియో గేమ్‌లకు కూడా అలాగే విమర్శకులు ఉంటారు. వాళ్లు వేసే మార్కుల మీద కోట్ల రూపాయల వ్యాపారం, ఒక్కోసారి తయారుచేసిన వాళ్ల బోనస్ కూడా ఆధారపడి ఉంటుంది. ఈ సంగతి ఎలా నడుస్తుందో, ఇందులో మన హైదరాబాద్‌కు ఏం సంబంధమో నాకు తెలిసినంతవరకు వివరిస్తాను.

టీవీకి తగిలించి ఆడే యంత్రాన్ని కన్సోల్ అంటారు. సోనీ ప్లేస్టేషన్, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ అటువంటివి. చేతిలో పట్టుకొని ఆడేది హ్యాండ్‌హెల్డ్. నింటెండో గేమ్‌బాయ్, సోనీ పి.ఎస్.పి. ఆ రకం. మన అంగడిలో దొరికిన బ్రిక్ గేమ్ కూడా ఆ జాతిదే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ మాత్రం ఈ కోవలోకి రాదు. దాన్ని తెలంగాణ ప్రభుత్వం 2017లోనే చట్టం సవరించి నిషేధించింది, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. ఊళ్లో పెద్దమనుషులు రెండింటినీ ఒకే గాటన కట్టి తిడుతుంటారు కాబట్టి ఈ మాట చెప్పాల్సి వచ్చింది.

ఇక విమర్శకుడు ఏం చూస్తాడు? సినిమా రెండున్నర గంటల్లో అయిపోతుంది. గేమ్ పది గంటలు ఉండవచ్చు, వంద గంటలు కూడా ఉండవచ్చు. సినిమాలో మనం కూర్చుంటే చాలు, కథ దానంతట అదే నడుస్తుంది. ఇక్కడ బటన్ నొక్కితేనే కథ కదులుతుంది. అందుకని మంచి విమర్శకుడు బొమ్మల అందం కన్నా ముందు చేతికి సంబంధించిన విషయాలు చూస్తాడు. నొక్కిన వెంటనే హీరో దూకాడా, అర సెకను ఆగి దూకాడా? కెమెరా సరైన చోట నిలిచిందా, గోడ వెనక్కి పోయి శత్రువును కనబడకుండా చేసిందా? ఓడిపోయినప్పుడు 'నేను సరిగ్గా ఆడలేదు' అనిపించిందా, 'ఈ గేమే మోసం చేసింది' అనిపించిందా? నా దృష్టిలో ఈ చివరి ప్రశ్నే అన్నిటికన్నా గట్టిది. సిలబస్‌లో లేని ప్రశ్న పరీక్షలో వస్తే మనకు ఎంత కోపం వస్తుందో గుర్తుచేసుకోండి.

హ్యాండ్‌హెల్డ్‌కు ఇంకొక లెక్క ఉంది. 1989లో గేమ్‌బాయ్ వచ్చినప్పుడు దాని తెరకు రంగులు లేవు, వెనుక నుంచి వెలుతురు లేదు. అదే ఏడాది వచ్చిన అటారి లింక్స్‌కు, తర్వాతి ఏడాది వచ్చిన సేగా గేమ్ గేర్‌కు రంగుల తెరలు ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూస్తే గేమ్‌బాయ్ వెలవెలబోతుంది. కానీ రంగుల యంత్రాలు ఆరు సెల్స్ మింగి కొద్ది గంటల్లోనే ఆగిపోయేవి. గేమ్‌బాయ్ నాలుగు సెల్స్‌తో పది గంటలకు పైగా నడిచేది. దాని తర్వాతి గేమ్‌బాయ్ కలర్‌తో కలుపుకొని 11 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. సెల్స్ కొనే డబ్బు ఎవరి జేబులోంచి పోతుందో తెలిసినవాడే ఆ తేడాను పట్టుకోగలడు.

మార్కుల పద్ధతికి వద్దాం. జపాన్‌లో 1986లో మొదలైన ఫామిట్సు పత్రికలో నలుగురు విమర్శకులు ఒక్కొక్కరు పదికి మార్కులు వేస్తారు, మొత్తం 40. మొదటిసారి 40కి 40 తెచ్చుకున్న గేమ్ 1998లో వచ్చిన నింటెండో వారి 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఓకరీనా ఆఫ్ టైమ్'. ఆ తర్వాత 2001లో అమెరికాలో మెటాక్రిటిక్ వచ్చింది. వేర్వేరు పత్రికల మార్కులన్నీ నూటికి మార్చి, సగటు తీసి, ఒకే సంఖ్యగా చూపిస్తుంది. 75 గానీ ఆ పైన గానీ వస్తే ఆకుపచ్చ, 50 లోపు అయితే ఎరుపు. అయితే అన్ని పత్రికలకూ ఒకే విలువ ఇవ్వదు. కొన్నింటికి ఎక్కువ, కొన్నింటికి తక్కువ. దేనికి ఎంతో బయట పెట్టదు.

ఆ ఒక్క సంఖ్య ఎంత పని చేస్తుందో చూడండి. 2010లో అబ్సిడియన్ అనే సంస్థ 'ఫాలౌట్: న్యూ వేగాస్' గేమ్ తయారుచేసింది. మెటాక్రిటిక్‌లో 85 వస్తే బోనస్ ఇస్తామని ఒప్పందం. వచ్చింది 84. బోనస్ రాలేదని ఆ సంస్థకు చెందిన క్రిస్ అవెలోన్ 2012లో బయటికి చెప్పాడు. ఒక్క మార్కుతో సీటు పోయినవాళ్లు మనలో ఎంతమంది లేరు!

విమర్శకుడికి కూడా తిప్పలు తప్పవు. గేమ్ తయారుచేసే కంపెనీలే పత్రికలకు ప్రకటనలు ఇస్తాయి. 2007లో జెఫ్ గెర్స్ట్‌మన్ అనే విమర్శకుడు 'కేన్ అండ్ లించ్' అనే గేమ్‌కు పదికి 6 వేశాడు. ఆ గేమ్ ప్రకటనలు ఆయన పనిచేసే గేమ్‌స్పాట్‌లోనే పెద్దగా కనబడుతున్న రోజులవి. కొద్ది రోజులకే ఆయన ఉద్యోగం పోయింది. ప్రకటనల వైపు నుంచి వచ్చిన ఒత్తిడే కారణమని ఆయన 2012లో వివరించాడు.

ఇంకో చిక్కు, విమర్శకుడు ఏ యంత్రం మీద ఆడాడన్నది. 2020 డిసెంబర్‌లో 'సైబర్‌పంక్ 2077' విడుదలకు ముందు విమర్శకులకు కంప్యూటర్ కాపీలే ఇచ్చారు. మంచి మార్కులు వచ్చాయి. ఆ మార్కులు చూసి పాత ప్లేస్టేషన్ 4 ఉన్నవాళ్లు కొన్నారు. వాళ్ల యంత్రాల్లో అది ఆగుతూ, తడబడుతూ నడిచింది. చివరికి సోనీ తన స్టోర్ నుంచి ఆ గేమ్‌ను తీసేసింది. 2021 జూన్‌లో గానీ తిరిగి పెట్టలేదు. విమర్శకులు అబద్ధం రాయలేదు. కానీ ఖరీదైన యంత్రం ఉన్నవాడి అనుభవం పాత యంత్రం ఉన్నవాడికి పనికిరాలేదు.

ఇదంతా నాకు ఎందుకు పట్టిందంటే, మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. ఇంటర్ తర్వాత ఏ కాలేజీ, ఏ గ్రూపు అని అడుగుదామంటే ఇంట్లో చెప్పేవాళ్లు లేరు. పేపర్లో ర్యాంకుల ప్రకటనలు, బస్టాండ్ గోడల మీద పోస్టర్లు, ఇవే మాకు సమీక్షలు. సంఖ్య మాత్రం పెద్దగా ఉంటుంది, దాన్ని ఎవరు వేశారో ఉండదు. మన హాస్టల్ సీనియర్ అన్న ఒకాయన ఒక కాలేజీ గురించి 'ల్యాబ్ లేదు, లెక్చరర్లు ఇద్దరే, సాయంత్రం ఆరు దాటితే బస్సు దొరకదు' అని చెప్పాడు. మంచిదనలేదు, చెడ్డదనలేదు, మార్కూ వేయలేదు. ఆ మూడు మాటలతోనే నాకు తేల్చుకోవడం సులభమైంది.

ఇప్పుడు మన హైదరాబాద్ సంగతి. 2009లో అక్కడి అరోనా టెక్నాలజీస్ సంస్థ ప్లేస్టేషన్ 2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' తయారుచేసింది. పూర్తిగా మన దేశంలోనే తయారైన మొదటి ప్లేస్టేషన్ గేమ్ అని ప్రచారం జరిగింది. దాని మీద రెండు రకాల విమర్శలు వచ్చాయి. దేవుణ్ణి బటన్లతో ఆడించే బొమ్మగా చేయడం తగదని అమెరికాలోని నెవాడాకు చెందిన రాజన్ జెద్ అభ్యంతరం చెప్పారు. అది విశ్వాసానికి సంబంధించిన అభ్యంతరం. గేమ్ విమర్శకుల మాట వేరు. బొమ్మలు మోటుగా ఉన్నాయి, నియంత్రణ సరిగా లేదు అని వాళ్లు గట్టిగానే రాశారు. మొదటి రకం విమర్శకు గేమ్ ఎంత బాగున్నా జవాబు ఉండదు. రెండవదానికి ఇంకా బాగా తయారుచేయడమే జవాబు. మనవాళ్లు చేశారు కదా, మెచ్చుకోవాలి అనే వాదన కూడా వినబడుతుంది. నేను ఒప్పుకోను. డబ్బు పెట్టి కొన్న పిల్లవాడికి అది ఎవరు చేశారన్నది రెండవ సంగతి. అయితే 2006లోనే ప్లేస్టేషన్ 3 వచ్చేసిందనీ, వీళ్లు పాత తరం యంత్రం మీద మొదటి అడుగు వేస్తున్నారనీ కూడా సమీక్షలో రాస్తే న్యాయంగా ఉంటుంది.

అదే 2009లో హైదరాబాద్‌లోనే ఉన్న గేమ్‌శాస్త్ర సంస్థ 'దేశీ అడ్డా' అనే గేమ్ చేసింది. ప్లేస్టేషన్ 2తో పాటు పి.ఎస్.పి.లో కూడా వచ్చింది. కబడ్డీ, గోలీలు, పతంగులు, గిల్లీ దండా అందులోని ఆటలు. గిల్లీ దండా అంటే మన చిర్రగోనే. లండన్‌లో కూర్చున్న విమర్శకుడు దాని బొమ్మల నాణ్యత చెప్పగలడు. చిర్ర గాలిలోకి లేచినప్పుడు గోనె తగిలే క్షణం సరిగ్గా ఉందా లేదా అనేది మాత్రం మద్నూర్ పిల్లవాణ్ణి అడగాలి. వాడి అభిప్రాయం ఏ సగటులోనూ కలవదు. తెలుగు పత్రికల్లో సినిమాకు ఉన్నట్టు గేమ్‌కు సమీక్ష రాసే అలవాటు లేకపోవడం ఇందుకు ఒక కారణం. వాడు రాసినా ఎక్కడ వేస్తారు?

ఈ సంచికలో చోటు ఉంది కాబట్టి ఒకటి నేనే రాస్తున్నాను. గేమ్: బ్రిక్ గేమ్. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేసిన టెట్రిస్‌కు ఇది కాపీ. డబ్బా మీద '9999 ఆటలు' అని ఉంటుంది. లోపల ఉన్నవి పది, పదిహేను. మిగిలినవన్నీ వేగం, లెవెల్ మార్చినవే. తెర పగలు వరండాలో బాగా కనబడుతుంది, రాత్రి కరెంటు పోతే కనబడదు. బటన్లు మొదట్లో చక్కగా పలుకుతాయి. ఎక్కువ వాడితే ముందుగా చెడేది ఇటుకను తిప్పే బటనే. రెండు సెల్స్ వేస్తే చాలా రోజులు వస్తాయి. శబ్దం ఆపే బటన్ ఉంది, స్టడీ అవర్‌లో అది తప్పనిసరి. ఒకరు ఆడుతుంటే నలుగురు చుట్టూ చేరి 'ఎడమకు, ఎడమకు' అని అరవవచ్చు. ఓడిపోయినప్పుడు తప్పు ఎప్పుడూ ఆడినవాడిదే.