బోటు వీహెచ్‌ఎఫ్ సెట్టు: మీకు వినిపిస్తోంది సరే.. మీ మాట ఒడ్డుకు చేరుతోందా?

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మెకనైజ్డ్ బోట్లకు వేట నిషేధం. ఈ 61 రోజుల్లో ఇంజిను, వలలు, రంగులు అన్నీ చూసుకుంటారు. వైర్‌లెస్ సెట్టు వంతు వచ్చేసరికి ఆన్ చేసి, ఎవరి మాటైనా వినిపిస్తే బాగానే ఉందని వదిలేస్తుంటారు. చిక్కంతా అక్కడే. యాంటెన్నా సగం పాడైనా దగ్గరి స్టేషన్ల మాట వినిపిస్తూనే ఉంటుంది. మీరు 16వ ఛానల్‌లో సాయం అడిగినప్పుడే లోపం బయటపడుతుంది.

ఎందుకిలా?

బోట్లలో బిగించే వీహెచ్‌ఎఫ్ సెట్టు గరిష్ఠంగా 25 వాట్ల శక్తిని పంపుతుంది. అందులోని యాంప్లిఫయర్‌ను 50 ఓంల లోడుకు తగ్గట్టు తయారుచేస్తారు. కేబులూ, యాంటెన్నా కూడా 50 ఓంల ఇంపెడెన్స్ చూపితే శక్తి దాదాపుగా గాల్లోకి వెళుతుంది. తేడా వస్తే కొంత శక్తి యాంటెన్నా దగ్గరి నుంచి వెనక్కి తిరుగుతుంది. దీన్ని కొలిచే లెక్కే ఎస్‌డబ్ల్యూఆర్. అది 1.5 ఉంటే వెనక్కి వచ్చేది 4 శాతం. 2 అయితే 11 శాతం. 3 అయితే ఏకంగా 25 శాతం. అప్పుడు చాలా సెట్లు తమను కాపాడుకోవడానికి పవర్ తగ్గించేస్తాయి. ఆ రక్షణ లేని సెట్లో ట్రాన్సిస్టర్ వేడెక్కి కాలిపోవచ్చు. యాంటెన్నా తీసేసి మైకు బటన్ నొక్కవద్దనేది ఇందుకే.

అన్నట్టు, మల్టీమీటర్ పెట్టి 50 ఓంలు రావడం లేదని కంగారు పడకండి. ఇంపెడెన్స్ అనేది రేడియో పౌనఃపున్యం దగ్గర ఉండే లెక్క. 16వ ఛానల్‌ది 156.8 మెగాహెర్ట్జ్. బ్యాటరీతో పనిచేసే మల్టీమీటర్‌కు అది అందదు.

ఎలా చూసుకోవాలి?

వీహెచ్‌ఎఫ్‌కు సరిపోయే ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్‌ను సెట్టుకూ కేబుల్‌కూ మధ్య పెట్టాలి. 16వ ఛానల్‌లో పరీక్షలు చేయకూడదు. బోట్లు మాట్లాడుకునే ఛానల్‌కు మారి, అది ఖాళీగా ఉందని చూసుకుని, 1 వాట్‌లో కొన్ని సెకన్లు నొక్కితే చాలు. 1.5 లోపు వస్తే మంచిదే. 2 దాటితే కనెక్టర్లు విప్పి చూడండి. ఎక్కువసార్లు దోషం అక్కడే ఉంటుంది: ఉప్పునీరు దిగి రాగి పచ్చబడి ఉంటుంది.

ఇక్కడో మోసం ఉంది. తడిసిన కేబుల్ వెళ్లే శక్తినీ, తిరిగొచ్చే శక్తినీ రెండింటినీ తినేస్తుంది. దాంతో సెట్టు దగ్గర మీటర్ మంచి అంకె చూపిస్తుంది! అందుకే ఒకసారి మీటర్‌ను పైన యాంటెన్నా దగ్గర కూడా పెట్టి చూడాలి. అక్కడికి చేరే వాట్లు బాగా తగ్గాయంటే కేబుల్ మార్చాల్సిందే. సన్నటి ఆర్‌జీ-58 రకం కేబుల్ అయితే కొత్తదైనా 15 మీటర్లలోనే దాదాపు సగం పవర్ పోగొడుతుంది. లావుపాటి ఆర్‌జీ-213లో నష్టం అందులో సగమే. ఇంట్లో మిగిలిన టీవీ కేబుల్ వాడొద్దు. అది 75 ఓంలది, దాని పొడవును బట్టి సెట్టుకు కనిపించే ఇంపెడెన్స్ మారిపోతుంది.

కొత్త కనెక్టర్ వేశాక దానిపై సెల్ఫ్ బాండింగ్ టేపు గట్టిగా చుట్టించండి. మామూలు ఇన్సులేషన్ టేపు ఎండకు, ఉప్పుగాలికి త్వరగానే ఊడిపోతుంది.